పడవ లేనివాళ్ల సముద్రం

తెలుగులో ఒడ్డుకి మంచి పేరూ ఉంది, చెడ్డ పేరూ ఉంది. కష్టాలు తీరితే ఒడ్డున పడ్డాం అంటాం, గట్టెక్కాం అంటాం. పని చేయకుండా సలహాలు చెప్పేవాణ్ణి మాత్రం ఒడ్డున కూర్చుని ఈత నేర్పేవాడు అంటాం. రెండిట్లోనూ ఒడ్డంటే పని అయిపోయిన చోటు, లేదా అసలు పని లేని చోటు. సముద్రం గురించి మన కథలూ సినిమాలూ కూడా ఇలాగే ఆలోచిస్తాయి. హీరో తెప్ప ఎక్కి అలల్ని దాటి వెళ్తాడు. ఒడ్డున ఉండేది ఎదురుచూసే భార్య, అప్పిచ్చిన షావుకారు, చేపలు కొనడానికి వచ్చిన బేరగాళ్లు.

కానీ వాడరేవులోనో, సూర్యలంకలోనో, కొత్తపట్నంలోనో తెల్లవారుజామున ఒక గంట నిలబడి చూస్తే లెక్క మారిపోతుంది. సముద్రంలోకి అసలు వెళ్లకుండా, లేదా నడుము లోతు దాటకుండా సముద్రాన్ని పట్టుకుని బతికేవాళ్లు ఎంతమందో కనిపిస్తారు. మోకాలి లోతు నురగలో విసురువల భుజాన వేసుకుని అలకోసం కాచుకునే మనిషి. కాలవ వంతెన మీంచి గాలం జార్చి గంటలకొద్దీ ఉలకని పలకని ముసలాయన. ఉప్పుటేటి బురదలో చేయి పెట్టి మండ పీతని వెనకనుంచి ఒడుపుగా పట్టుకునే యానాది ఆడమనిషి. అలివివల తాడుకి నడుము ఆనించి వెనక్కి నడిచే పాతికమంది. వీళ్లు చేసే పనికి కూడా తీరంలో ఒకటే పేరు, వేట. అడవిలో జంతువుని పట్టడానికీ సముద్రంలో చేపని పట్టడానికీ ఒకే మాట వాడతాం మనం. ఆ మాట పడవ ఉందా లేదా అని అడగదు.

ఈ పడవ లేని వేటకి ఒక చరిత్ర ఉంది. ఎవరూ దాన్ని ఒకచోట రాసిపెట్టలేదు. ఒక శాసనంలో కొంత, ఉప్పు పన్ను గొడవల్లో కొంత, ఒక కాలవ తవ్వకంలో కొంత, సుప్రీంకోర్టు తీర్పులో కొంత దొరుకుతుంది. గుంటూరు, ప్రకాశం అనగానే మనకి మిర్చి యార్డు, పత్తి చేలు, నల్లరేగడి గుర్తొస్తాయి. సముద్రం గుర్తుకు రాదు. ఇప్పుడైతే గుంటూరు జిల్లాకి నిజంగానే సముద్రం లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని విడగొట్టినప్పుడు నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు, మోటుపల్లి అన్నీ కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లిపోయాయి. ఒక్క ఉత్తర్వుతో ఒక జిల్లా తీరాన్ని పోగొట్టుకోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఈ తీరానికి సహజమైన రేవు లేదు. కొండ లేదు, లోతైన మలుపు లేదు. బల్లపరుపు ఇసుక, దాని వెనక ఇసుక తిప్పలు, తిప్పల వెనక ఉప్పునీటి పల్లాలు, ఆ వెనక వరి, ఇంకా వెనక్కి వెళ్తే పత్తి, మిరప. ఓడలు దూరంగా లంగరు వేసుకోవాల్సిందే. 1611లో ఆంగ్లేయుల గ్లోబ్ ఓడ నిజాంపట్నం దగ్గరికి వచ్చినప్పుడూ అంతే. వాళ్ల రాతల్లో ఆ ఊరు పేటపోలి. ఓడకీ ఒడ్డుకీ మధ్య విరిగిపడే అలల పట్టీ ఒకటి ఉంటుంది. పెద్ద ఓడలకి అది అడ్డంకి. చేపకి మాత్రం అది మేత దొరికే చోటు. అల విరిగినప్పుడు ఇసుక కదులుతుంది, ఇసుకలో ఉన్న పురుగూ పుట్రా పైకి లేస్తాయి, వాటికోసం చిన్నచేప వస్తుంది, చిన్నచేపకోసం పెద్దచేప వస్తుంది. అందుకే నిలబడి వల విసిరేవాడికి కూడా ఇక్కడ కూర దొరుకుతుంది. పెద్ద ఓడ రాలేని చోట చిన్న మనిషికి చోటు దొరికింది.

విసురువల చూడ్డానికి తేలికగా కనిపిస్తుంది గానీ, కాదు. గుండ్రటి వల, అంచు పొడవునా సీసపు గుండ్లు, నడిమధ్యలో తాడు. తాడు ఎడమ మణికట్టుకి కట్టుకుని, వలలో కొంత భాగం మోచేతి మీద, కొంత భుజం మీద సర్దుకుని, నడుము తిప్పి విసిరితే అది గాల్లో పళ్లెంలా విచ్చుకుని నీళ్లమీద పడాలి. గుండ్లన్నీ ఒకేసారి అడుక్కి దిగాలి. ఒక పక్క ముందు దిగితే రెండో పక్కనుంచి చేపలు జారుకుంటాయి. నీటి రంగు చూసి, మీద ఎగిరే పిట్టల్ని చూసి, అలలో ఒక్క క్షణం మెరిసే వెండి గీతని చూసి విసరాలి. వట్టినే విసురుతూ పోతే భుజం పోవడం తప్ప ఏమీ మిగలదు.

అలివివల ఇంకో లోకం. ఉత్తరాంధ్రలో దీన్నే పెద్దవల అంటారు. ఇందులో పడవ ఉంటుంది కదా అని మీరు అడగొచ్చు. ఉంటుంది, కానీ కాసేపే. ఒక చివర తాడు ఒడ్డున ఉన్నవాళ్ల చేతిలో పెట్టి, పడవ వలని జార్చుకుంటూ సముద్రంలో అర్ధచంద్రాకారంగా తిరిగి, కొన్ని వందల గజాల అవతల రెండో చివర తాడు తెచ్చి ఒడ్డుకిస్తుంది. దాని పని అక్కడితో సరి. ఆ తర్వాత ఒకటి రెండు గంటలు జరిగే వేటంతా ఇసుక మీద, మనుషుల కాళ్లతో జరుగుతుంది. రెండు జట్లు రెండు తాళ్లు పట్టుకుని లాగుతూ మెల్లగా ఒకరి వైపు ఒకరు జరుగుతారు. వల రెక్కల్లో కన్ను పెద్దది. సంచి దగ్గరికొచ్చేసరికి కన్ను సన్నబడుతుంది. రెక్కలు చేపని బెదిరించి తోలడానికే, పట్టేది సంచి. చివర్లో సంచి నురగలోంచి బయటపడేటప్పుడు కవళ్లు, నెత్తళ్లు, కారలు, సావళ్లు, మధ్యలో ఎక్కడో ఒక చందువ. పిల్లలు, కాకులు, గద్దలు, కుక్కలు, బుట్టలు పట్టుకున్న ఆడవాళ్లు అందరూ ఒక్కసారే చేరతారు.

దీంట్లో నాకు ఆసక్తి కలిగించేది పంపకం. వల ఒకడిది, పడవ ఒకడిది కావచ్చు, ఒకడిదే కావచ్చు. వాటికి వాటాలుంటాయి. మిగిలింది తాడు లాగినవాళ్లది. లెక్కలో లేకపోయినా వచ్చి చేయి వేసిన ముసలివాళ్లకీ పిల్లలకీ దోసెడు చేపలు దక్కుతాయి. పడవ కొనుక్కోలేనివాడు, వల లేనివాడు, సముద్రంలోకి వెళ్లే వయసు దాటినవాడు కూడా రెండు చేతులుంటే చాలు వేటలో భాగస్తుడే. యంత్రాల పడవలో అది కుదరదు. అక్కడ ఆరుగురో ఎనిమిదిమందో ఎక్కుతారు, మిగతావాళ్లు ఒడ్డున చూస్తూ ఉండాలి.

ఒడ్డుమీద ఎవరికి ఏం హక్కు అన్న ప్రశ్న ఇక్కడ చాలా పాతది. చినగంజాం పక్కన మోటుపల్లి ఉంది. ఇప్పుడు చిన్న పల్లె. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది, 1244-45 నాటిది. స్కూల్లో దాన్ని విదేశీ వాణిజ్యం అనే శీర్షిక కింద రెండు మార్కుల ప్రశ్నగా చదువుకుని మరిచిపోయాం. నిజానికి అది ఒడ్డు గురించిన శాసనం. అంతకుముందు రాజులు తుఫానుకి కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లనీ, ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకునే వర్తకుల మీద దయతో తాను మామూలు సుంకం తప్ప మిగతాది వదిలేస్తున్నాననీ గణపతిదేవుడు చెప్పాడు. ముప్ఫైలో ఒక వంతు సుంకం.

ఇందులో దాగిన మాట ఏమిటంటే, అప్పటిదాకా ఒడ్డున పడిందల్లా రాజుది. సముద్రం ఎవరిదీ కాదు, కానీ సముద్రం విసిరేసింది మాత్రం రాజుది. అంతకు ముప్ఫై ఏళ్ల ముందు, 1215లో, ఇంగ్లండులో రాజు చేత ముద్ర వేయించుకున్న మాగ్నా కార్టాలో కూడా చేపల సంగతి ఉంది. థేమ్స్ లాంటి నదుల్లో చేపలు పట్టడానికి అడ్డంగా కట్టిన దడులన్నీ తీసేయాలని అందులో ఒక నిబంధన. రెండింటికీ సంబంధం ఏమీ లేదు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. కానీ ఆ శతాబ్దంలో రాజ్యాలకి నీటి అంచు ఒక సమస్య అయిందని మాత్రం కనిపిస్తుంది. మోటుపల్లి శాసనం వర్తకుడికి అభయమిచ్చింది. అదే ఇసుకలో వల విసిరేవాడి ప్రస్తావన అందులో లేదు. అతని దగ్గర లాక్కోవడానికి ఏముంది?

ఆ శతాబ్దం చివర్లో మార్కోపోలో ఇదే రేవుని ముట్ఫిలి అని రాశాడు. రాణి ఏలుతోందన్నాడు, గణపతిదేవుడి కూతుర్ని భార్యని చేసేశాడు గానీ అది వదిలేద్దాం. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందని మెచ్చుకున్నాడు. ఆ నూలు ఎక్కడిది? వెనక ఉన్న మైదానంలోది. ఇక్కడే పత్తికీ చేపకీ ముడి పడుతుంది.

ఇప్పటి వలలన్నీ నైలాను. కానీ 1950లు, 60ల దాకా వల అంటే నూలు, లేదా జనపనార. నల్లరేగడి మీద పండిన పత్తి, మాగాణిలో వరి కోశాక చల్లిన జనుము, ఈ రెండే తీరానికి తాడూ వలా అయ్యాయి. మనం ఇది పత్తి సీమ, అది చేపల సీమ అని విడగొట్టి చూస్తాం. వల చేతిలో పట్టుకున్నవాడికి ఆ తేడా ఉండేది కాదు. నూలు వలకి ఆయుష్షు తక్కువ. ఉప్పునీళ్లకి కుళ్లుతుంది. అందుకని చెట్ల బెరడు మరిగించిన కషాయంలో ముంచి, ఎండబెట్టి, మళ్లీ ముంచి ఎర్రగా చేసేవాళ్లు. వేట లేని రోజు కూడా వలతోనే పని. తడిసిన నూలు బరువు కూడా ఎక్కువ. పొద్దుటినుంచి విసిరిన వల సాయంత్రానికి ఎంత బరువెక్కుతుందో ఊహించుకోండి. నైలాను వచ్చాక కుళ్లడం పోయింది, బరువు పోయింది, కషాయం పోయింది. మైదానంతో ఆ ముడి కూడా తెగింది. నైలాను వలని ఎవరూ తప్పు పట్టలేరు, నేనూ పట్టను. కాకపోతే పారేసిన నూలు వల మట్టిలో కలిసేది. తెగిపోయిన నైలాను వల సముద్రంలో ఏళ్లతరబడి ఎవరికోసమూ కాకుండా చేపల్ని పడుతూనే ఉంటుంది.

తీరం నుంచి మైదానానికి తిరుగు ప్రయాణం చేసింది ఎండుచేప. కారం ఎక్కువ తినే సీమకి ఎండు నెత్తళ్లు, ఎండు సావళ్లు, ఎండు రొయ్యలు వెళ్లేవి. ఇప్పటికీ వారపు సంతల్లో ఒక వరుస వాటిదే. పడవ లేనివాడి వేట దాదాపు ఎప్పుడూ చిన్నచేప. చిన్నచేప త్వరగా పాడవుతుంది. ఎండబెట్టాలి, లేదా ఉప్పు పెట్టాలి. ఉప్పు దగ్గరే అసలు చిక్కు.

చినగంజాం, కనపర్తి పక్కన ఉప్పు కొఠార్లు ఉండేవి. ఉప్పు కళ్లముందే పండుతుంది, కానీ ముట్టుకోవడానికి లేదు. తూర్పిండియా కంపెనీ 1800ల మొదట్లోనే మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చుకుంది. 1878 నాటికి మణుగు ఉప్పుకి పన్నే రెండున్నర రూపాయలు. మణుగంటే సుమారు 37 కిలోలు. నాలుగు బుట్టల కవళ్లకి పట్టే ఉప్పు ఖరీదు ఆ కవళ్ల ఖరీదుని మించిపోతే ఏం చేస్తారు? ఒడ్డున దొరికే చవుడు మన్ను, ఉప్పు పేరుకున్న మట్టి తెచ్చి దాన్నే చేపకి పట్టించేవాళ్లు. చేప సగం కుళ్లేది, తిన్నవాళ్లకి జబ్బు చేసేది. పైగా ఆ ఉప్పు మట్టిని ఎత్తుకోవడం కూడా నేరమే.

ఫ్రాన్సిస్ డే అనే మద్రాసు సైన్యపు వైద్యుడు భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథాలు రాశాడు. 1873లో ప్రభుత్వానికిచ్చిన సముద్రపు చేపల నివేదికలో ఆయన పట్టుకున్న దొంగ ఈ ఉప్పు పన్నే. మత్స్యకారులు బద్ధకస్తులనో అజ్ఞానులనో తేల్చేసే దొరల మధ్య, చేప ఎందుకు కుళ్లుతోందో లెక్కేసి చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం. ఆ తర్వాతే మద్రాసు తీరమంతా ప్రభుత్వ చేపల యార్డులు వెలిశాయి. యార్డులోకి చేప తీసుకెళ్తే అక్కడ పన్ను లేని ఉప్పు ఇస్తారు. అక్కడే, వాళ్ల కళ్లముందే చేపకి ఉప్పు పెట్టాలి. బయటికి చిటికెడు ఉప్పు పట్టుకెళ్లకూడదు. పెద్ద పడవలో బుట్టలకొద్దీ తెచ్చినవాళ్లకి ఇది మేలు చేసింది. విసురువలతో అర బుట్ట పట్టినవాడు మైళ్లు నడిచి యార్డుకి వెళ్లి వరసలో నిలబడి ఏం బాగుపడతాడు? ఒడ్డున ఉన్నవాడి కోసం తెచ్చిన మేలు కూడా పడవ ఉన్నవాడికే దక్కడం మనకి ఇక్కడ మొదటిసారి కనిపిస్తుంది. చివరిసారి కాదు.

1930లో టంగుటూరి ప్రకాశం దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం పెట్టినప్పుడు ఆ ఊళ్లవాళ్లకి ఉప్పు చట్టం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయిందని నేననుకుంటాను. దండిలో అది ప్రతీక. ఇక్కడ అది రోజూ వాసన వచ్చే చేప.

ఇక వంతెనల సంగతి. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని కాలవ వంతెన మీద గాలం వేయడమేమిటని అడగొద్దు. ఈ కాలవ కూడా సముద్రమే. బేసిల్ కొక్రేన్ అనే వర్తకుడు 1806లో చెన్నపట్నం నుంచి ఎన్నూరు దాకా తవ్వించిన చిన్న కాలవ, తర్వాత ప్రభుత్వం చేతికి వచ్చి, ముక్కలు ముక్కలుగా ఉత్తరానికి సాగి, పెదగంజాం దగ్గర కృష్ణా డెల్టా నుంచి వచ్చే కొమ్మమూరు కాలవని కలుసుకుంది. 1876-78 ధాత కరువులో చెన్నపట్నం నడిబొడ్డున ఒక ముక్కని కరువు పనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు మొత్తానికీ అంటుకుంది. పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. బియ్యం, ఉప్పు, కట్టెలు, మనుషులు పడవల్లో ప్రయాణం చేసిన ఆ దారి రైలు వచ్చాక చిన్నబోయింది. 1960ల తుఫాన్ల తర్వాత చాలాచోట్ల పూడిపోయింది. 2008లో దాన్ని నాలుగో జాతీయ జలమార్గంలో భాగమని ప్రకటించారు. ఒడ్డున చూస్తే ఆ జాతీయత ఎక్కడా కనిపించదు.

పెదగంజాంకి ఉత్తరాన కొమ్మమూరులో మంచినీళ్లు, దక్షిణాన బకింగ్‌హాంలో ఉప్పునీళ్లు. వాగులూ ఏరులూ మొగల దగ్గర సముద్రాన్ని కలుస్తాయి, పోటు వచ్చినప్పుడు సముద్రం ఆ మొగల్లోంచి కాలవలోకి ఎక్కుతుంది. దాంతోపాటు పండుగప్ప, మాగ, జెల్ల, రొయ్య, పీత వస్తాయి. వంతెన కింద కాలవ ఇరుకవుతుంది కాబట్టి అక్కడ నీరు వేగంగా పారుతుంది. నీడ కూడా ఉంటుంది. ఈ రెండూ పండుగప్పకి ఇష్టం. స్తంభం చాటున నిలబడి, వేగానికి కొట్టుకొచ్చే చిన్నచేపని మింగుతుంది. వంతెన మీద గాలం వేసే ముసలాయన సోమరి కాదు. పోటు ఎప్పుడు మొదలై ఎప్పుడు తిరుగుతుందో, అమావాస్యకి ఎంత ఎక్కుతుందో, అష్టమికి ఎంత మందగిస్తుందో ఆయన లెక్క ఆయనకుంది. సరుకుల పడవల కోసం తవ్విన కాలవ వాటిని పోగొట్టుకుని, పడవ లేనివాళ్ల చేతికొచ్చింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ కాలవే చాలా నీళ్లని తనలో నింపుకుని వెనక ఊళ్లని కాసిందని తర్వాత శాస్త్రవేత్తలు రాశారు.

ఈ ఉప్పుటేళ్లు అందరికన్నా బాగా తెలిసినవాళ్లు యానాదులు. పట్టపువాళ్లూ పల్లెకారులూ సముద్రం వైపు చూస్తే, యానాదులు ఏరు వైపు చూశారు. పడవ లేదు, పెద్ద వల లేదు. వెదురు మావు, చేతి వల, చాలాసార్లు ఉత్త చేతులు. బురదలో ఉన్న కన్నాన్ని చూసి లోపల పీత ఉందో పాముందో చెప్పగలగడం వాళ్ల ఆస్తి. అలాంటివాళ్లలో కొందరిని ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం కిందికి తెచ్చింది. 1871 నాటి ఆ చట్టం 1911 సవరణతో మద్రాసు రాజధానికి వచ్చింది. ఆ చట్టం కింద పేరెక్కినవాడు పోలీసుకి హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. పోటు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి పోవాల్సిన వేటగాడికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? రాత్రి పూట ఏటిలో దివిటీతో పీతలు పట్టడం ఒక జీవనం. పోలీసు కళ్లకి అది రాత్రిపూట తిరుగుడు. నెల్లూరు కేంద్రంగా యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ల పోరాటం తర్వాత, 1952లో ఆ చట్టం దేశమంతా రద్దయింది. అనుమానం రద్దు కావడానికి చట్టం చాలదని రాఘవయ్య రచనలు చదివితే తెలుస్తుంది.

అదే కాలంలో దొరలు కూడా గాలం వేసేవాళ్లు. హెన్రీ సల్లివాన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వెంటు 1873లో భారతదేశంలో గాలం వేట గురించి ఒక పుస్తకం వేశాడు. గాలం వేటగాళ్లు ఇప్పటికీ చదువుకునే పుస్తకం అది. దొర గాలం వేస్తే క్రీడ, యానాది వేస్తే తిరుగుబోతుతనం. ఇద్దరి చేతిలోనూ ఉన్నది వంకర ముల్లే.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్న చోటు ఇంకొకటి ఉంది. మన తరానికి దగ్గరిది. 1980ల చివర్లో టైగర్ రొయ్యల చెరువుల పిచ్చి తీరాన్ని పట్టుకుంది. చెరువులకి రొయ్య పిల్ల కావాలి. హేచరీలు ఇంకా సరిపడా లేవు. పిల్ల ఎక్కడుంది? ఏటి మొగల్లో, మోకాలి లోతు నీళ్లలో, గడ్డి అంచున. సముద్రంలో పుట్టిన రొయ్య పిల్ల పోటుతోపాటు ఏటిలోకి ఎక్కి అక్కడే ఎదుగుతుంది. దాన్ని పట్టడానికి పడవ అక్కర్లేదు, దోమతెర లాంటి గుడ్డ ఉంటే చాలు. ఆడవాళ్లు, పిల్లలు, యానాదులు వందలమంది ఏళ్లలోకి దిగారు. గుడ్డలో వచ్చినదాన్ని తెల్లటి బేసిన్లో పోసి, చిన్న గవ్వతోనో చెంచాతోనో ఒక్కొక్క పిల్లనీ ఏరి లెక్కపెట్టి అమ్మేవాళ్లు. వెంట్రుకంత మందం, గోరంత పొడవు. పిల్లకింత అని రేటు. పడవ లేని వేటకి తరాల తర్వాత మొదటిసారి నగదు వచ్చింది, అదీ ఆడవాళ్ల చేతికి.

దానికి రెండో పక్క కూడా ఉంది. ఆ బేసిన్లో టైగర్ పిల్ల ఒకటుంటే మిగతా రకాల రొయ్య పిల్లలు, చేప పిల్లలు, పీత పిల్లలు లెక్కలేనన్ని. ఏరిన తర్వాత మిగిలినవి గట్టు మీద పారబోసేవాళ్లు. రేపు విసురువలలో పడాల్సిన చేప ఇవాళ గట్టుమీద ఎండిపోయేది. ఇక చెరువులు ఏటి ఒడ్డునే తవ్వారు. కంచె పడింది, కాపలా పడింది, ఏటికి వెళ్లే దారి మూసుకుపోయింది. పిల్లని పట్టి అమ్మినవాళ్లే ఆ పిల్ల పెరిగే చెరువుకి అవతలివాళ్లయ్యారు. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు కుప్పకూలాయి. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలిలో అలాంటి చెరువులు ఉండకూడదని తీర్పిచ్చింది. 2005లో కొత్త చట్టం తెచ్చి, తీర ఆక్వాకల్చర్ అథారిటీని పెట్టి, చాలామట్టుకు దాన్ని దాటేశారు. 2009 నుంచి వనామీ వచ్చింది. దాని పిల్ల మన ఏళ్లలో పుట్టదు, హేచరీలోనే పుడుతుంది. తెల్ల బేసిన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లకి అక్కడితో పని పోయింది. దారికి అడ్డం వేసిన కంచెలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

ఇదంతా చదివి ఒడ్డున ఉన్నవాళ్లంతా ఒక పక్షం, పడవవాళ్లంతా ఒక పక్షం అనుకుంటే పొరపాటు. 2020 డిసెంబరులో చీరాల దగ్గర వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్టుకున్నారు. బల్లవల, ఐలవల అని రెండు రకాల వలలు, వాటి కన్ను ఎంత ఉండాలి అన్నది గొడవ. పేపర్లు ఆ వారం ఫొటోలు వేసి, ఆ తర్వాత మరిచిపోయాయి. నగరంలో కూర్చుని చదివితే అరంగుళం కోసం తలలు పగలగొట్టుకుంటారా అనిపిస్తుంది. అరంగుళమే అసలు సంగతి. కన్ను సన్నబడితే ఇవాళ్టి చేపతో పాటు వచ్చే ఏడాది చేప కూడా వస్తుంది. అలివివల మీద ఉన్న ఆరోపణ కూడా ఇదే, సంచి కన్ను సన్నం కాబట్టి పిల్లచేపల్ని ఊడ్చేస్తుందని. ఆరోపణ అబద్ధం కాదు. నలభైమందికి పని ఇచ్చే వల, దోసెడు చేపలు పంచే వల, అదే వల పిల్లచేపల్ని చంపుతుంది. ఈ రెండు నిజాల్లో ఒకదాన్ని దాచిపెట్టి ఎవరైనా వ్యాసం రాస్తే నమ్మకండి. అయితే పిల్లచేప ఒక్క అలివివలలోనే చావదు. మరపడవలు ఈడ్చే ట్రాల్ వలల్లో దానికన్నా చాలా ఎక్కువ చస్తుంది, కానీ అది ఒడ్డునుంచి కనిపించదు. కళ్లముందు జరిగే తప్పుకి శిక్ష త్వరగా పడుతుంది.

చట్టం దృష్టి ఎప్పుడూ పడవ మీదే ఉంది. 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం మందుపాతరతోనూ విషంతోనూ చేపలు పట్టొద్దంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం తీరం నుంచి ఎనిమిది కిలోమీటర్లు సంప్రదాయ పడవలకి వదిలి మరపడవల్ని బయటికి పంపమంది. ఏ పడవ ఎక్కడ తిరగొచ్చు, ఏ పడవకి లైసెన్సు కావాలి అన్నదే దాని ధ్యాస. కాలిఫోర్నియాలో మన సాఫ్ట్‌వేర్ పిల్లలు వారాంతాల్లో గాలం పట్టుకుని సముద్రం మీదికి కట్టిన పియర్ల మీదకి వెళ్తుంటారు. అక్కడ పబ్లిక్ పియర్ మీంచి చేపలు పడితే లైసెన్సు అక్కర్లేదు, దిగి పక్కనే ఇసుక మీద నిలబడి పడితే కావాలి. మనిషి కాళ్లు ఎక్కడున్నాయో కూడా ఆలోచించిన చట్టం అది. మన దగ్గర ఒడ్డున నిలబడినవాణ్ణి ఎవరూ ఆపరు. లెక్కలోకీ తీసుకోరు. ఈమధ్య మన వంతెనల మీద కూడా రీలు కర్రలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎర చేపలు, పక్కన వీడియో తీసే స్నేహితుడు కనిపిస్తున్నారు. పట్టిన పండుగప్పని ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలో వదిలేసే అలవాటు కూడా మొదలైంది. పక్కన మామూలు దారం చుట్టిన కర్రముక్కతో కూర్చున్న పెద్దాయన వాళ్లని ఏమనుకుంటాడో అడిగి చూడాలి.

లెక్కలో లేకపోతే ఏమవుతుందో ఏప్రిల్ 15న తెలుస్తుంది. ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలకీ మోటారు పడవలకీ వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలకి రాష్ట్ర ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019 నుంచి కుటుంబానికి 10,000 రూపాయలు, 2025లో దాన్ని 20,000 చేశారు. మంచి పథకం, కాదనేదేం లేదు. అర్హత మాత్రం పడవని బట్టి. రిజిస్టరైన పడవ ఉండాలి, దాని మీద పనిచేసేవాళ్లు ఇంతమంది అని జాబితాలో పేరు ఉండాలి. అధికారులు రేవుకి వచ్చి ముందు పడవల్ని లెక్కపెడతారు, తర్వాత పడవకింతమంది అని మనుషుల్ని.

విసురువలవాడికి నిషేధం లేదు కాబట్టి నష్టం లేదని వాదించొచ్చు. అలివివల ఒడ్డుకి తేవడానికి పడవ కావాలి, దానికి మోటారుంటే ఆ రెండు నెలలు వల పెట్టెలోనే. తాడు లాగిన పాతికమంది పేర్లు ఏ పడవ జాబితాలోనూ ఉండవు. చేప రేవుకి రాకపోతే బుట్ట నెత్తిన పెట్టుకుని మైదానం ఊళ్లకి వెళ్లే ఆడవాళ్లకీ బేరం ఉండదు. ఆ రోజుల్లో వాళ్లలో కొందరు మిరపకాయల కల్లాల్లోకి తొడిమలు తీసే పనికి వెళ్తారు, కొందరు ఏటిలోకి దిగుతారు.